ఎంఎల్‌బీ టీవీ చందా, పుహోల్స్ పదేళ్ల కాంట్రాక్టు: చెన్నై నుంచి ఒక రివ్యూ

ముందు రివ్యూ సంగతి చెప్పేస్తాను. చెన్నైలో ఉండి బేస్‌బాల్ చూడాలనుకునేవాళ్లకి ఎంఎల్‌బీ టీవీ (అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆటల్ని ఇంటర్నెట్‌లో చూపించే సర్వీసు) ఏడాది చందా పెట్టిన డబ్బుకి తగినదే. నేను 2012 నుంచి కడుతున్నాను, ఒక్క ఏడాది కూడా మానలేదు. అయితే ఇన్నేళ్లు చూశాక వయసు మళ్లుతున్న పెద్ద ఆటగాళ్లకి పదేళ్ల కాంట్రాక్టులు ఇవ్వడం మీద నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. అది కూడా ఇక్కడే రాస్తున్నాను, ఎందుకంటే నేను ఈ చందా కట్టడం మొదలుపెట్టిందే అలాంటి ఒక కాంట్రాక్టు వల్ల.

మాది నెల్లూరు. షోలింగనల్లూరులో ఉద్యోగం, అప్పట్లో మా క్లయింటు ఆఫీసు సెయింట్ లూయిస్‌లో. సోమవారం కాల్‌లో పని మాటలకంటే ముందు ఆ ఊరి బేస్‌బాల్ జట్టు కార్డినల్స్ ఆట గురించి పావుగంట నడిచేది. మొదట్లో నాకేం అర్థమయ్యేది కాదు, ఆ జట్టు పెద్ద బ్యాటర్ ఆల్బర్ట్ పుహోల్స్ పేరు మాత్రం ప్రతి వారం వినిపించేది. మెల్లగా నేనూ అలవాటు పడ్డాను. 2011 అక్టోబర్‌లో టెక్సస్ రేంజర్స్ మీద వరల్డ్ సిరీస్ (ఏడాది చివర జరిగే ఫైనల్ పోరు) మూడో ఆటలో ఆయన మూడు హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టాడు, ఆ సిరీస్ కార్డినల్స్ గెలిచారు కూడా. డిసెంబర్ వచ్చేసరికి ఆయన కాలిఫోర్నియాకి, ఏంజెల్స్ జట్టుకి వెళ్లిపోయాడు. పదేళ్లు, 24 కోట్ల డాలర్లు. అప్పటికి ఆయనకి 31, ఇంకో నెలలో 32 నిండుతాయి. ఆ వారం కాల్‌లో అవతలివైపు ఎవరూ సరిగా మాట్లాడలేదు, ఇంట్లో మనిషి వెళ్లిపోయినట్టే ఉంది వాళ్లకి.

నాకు మాత్రం ఒక సౌకర్యం దొరికింది. సెయింట్ లూయిస్‌లో రాత్రి ఆట అంటే మనకి తెల్లవారుజామున ఆరింటికి ముందే మొదలవుతుంది. ఏంజెల్స్ సొంత గ్రౌండ్‌లో రాత్రి ఆడితే మనకి ఏడున్నర అవుతుంది, అంటే ఆఫీసు బస్సు ఎక్కేలోపు ఇడ్లీ తింటూ రెండు ఇన్నింగ్స్ చూడొచ్చు. చందా కట్టింది అందుకే.

సర్వీసులో నాకు నచ్చినవి చెప్తాను. రెండు జట్ల ప్రసారాల్లో ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు, వీడియో వద్దనుకుంటే రేడియో కామెంటరీ ఒక్కటే పెట్టుకోవచ్చు. ఇక్కడి ఓఎంఆర్ రోడ్డు ట్రాఫిక్‌లో బస్సులో కూర్చున్నప్పుడు నాకు రేడియోనే హాయి. ఆట అయిపోయాక కూడా మొత్తం చూడొచ్చు, లేదా మధ్యలో ఖాళీ సమయమంతా తీసేసిన కుదించిన ఆట చూడొచ్చు. స్కోర్లు కనపడకుండా దాచే సెట్టింగు ఉంది, ఉద్యోగం చేసుకుని రాత్రి ఇంటికొచ్చి చూసేవాళ్లకి అది చాలా ముఖ్యం, మొదటి రోజే ఆన్ చేసుకోండి. అమెరికాలో ఉన్నవాళ్లకి సొంత ఊరి జట్టు ఆటలు బ్లాక్ అవుతాయి, ఇక్కడ నాకా సమస్య ఎప్పుడూ రాలేదు. అప్పుడప్పుడు ఆట ఆగి తిరుగుతూ ఉండేది గానీ అది మా వీధి ఇంటర్నెట్ గొడవ, కనెక్షన్ మార్చాక పోయింది.

హైలైట్స్ మాత్రమే చూసేవాళ్లకి దొరకనిది ఒకటి ఈ చందాలో దొరుకుతుంది. సీజన్‌లో ఒక్కో జట్టు 162 ఆటలు ఆడుతుంది. ఒక మనిషిని అన్ని రోజులు, అన్ని పొద్దులు చూస్తుంటే వయసు ఎలా వస్తుందో కళ్లముందే తెలుస్తుంది. 2012లో పుహోల్స్ కొత్త జట్టుకి మొదటి హోమ్ రన్ కొట్టడానికి మే 6 దాకా పట్టింది. కొత్త చోటు, కుదురుకుంటాడులే అనుకున్నాను. 2013లో ఎడమ పాదం నొప్పితో జులైలోనే సీజన్ ముగిసిపోయింది. ఆ తర్వాత కూడా బంతిని గట్టిగా కొట్టిన రోజులు చాలా ఉన్నాయి, కానీ పరుగు పోయింది. నేల మీద దొర్లిన బంతిని ఫీల్డర్ అందుకుని సెకండ్ బేస్‌కి విసురుతాడు, అక్కడినుంచి ఫస్ట్ బేస్‌కి విసురుతారు, ఈయన ఇంకా దారిలోనే ఉంటాడు, ఒక్క బంతికి ఇద్దరు ఔట్. మేజర్ లీగ్ చరిత్రలో ఇలా డబుల్ ప్లేలకి ఎక్కువసార్లు దొరికింది ఆయనే. చూస్తుంటే నాకు బాధగా ఉండేది, టీవీ ఆపేసి స్నానానికి వెళ్లిపోయిన రోజులున్నాయి.

లెక్కలు చూస్తే ఇంకా కష్టం. కార్డినల్స్‌తో పదకొండు సీజన్లలో బ్యాటింగ్ సగటు .328 (వెయ్యిసార్లు బ్యాటింగ్‌కి దిగితే దాదాపు 328 హిట్లు, అంటే బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరడం), 445 హోమ్ రన్లు, మూడు ఎంవీపీ (ఏడాది అత్యుత్తమ ఆటగాడి) అవార్డులు. ఏంజెల్స్‌తో సగటు .256. జీతం మాత్రం పైకే పోయింది. 2012లో 1.2 కోట్ల డాలర్లతో మొదలై చివరి ఏడాది 2021కి 3 కోట్లకి చేరేలా రాసుకున్నారు. బాగా ఆడే అవకాశమున్న ఏళ్లలో తక్కువ, 41 ఏళ్ల వయసులో ఎక్కువ! ఆ చివరి ఏడాది కూడా పూర్తికాలేదు, 2021 మే 6న జట్టు నుంచి తప్పించారు. ఇన్నేళ్లలో ఏంజెల్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్లింది ఒక్కసారి, 2014లో, కాన్సస్ సిటీ చేతిలో వరసగా మూడు ఓడి వెనక్కి వచ్చారు.

ఇది చెప్తే నెల్లూరు నుంచి వచ్చిన మా బావమరిది ఒప్పుకోలేదు. "బావా, ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు కదా, ఆ పేరు చూసే జనం టికెట్ కొంటారు" అన్నాడు. పైగా వాడు చెన్నై జట్టుకి వీరాభిమాని. "2018లో ముసలాళ్ల జట్టు అని అందరూ నవ్వారు, వాట్సన్ 36 ఏళ్లకి ఫైనల్లో 117 కొట్టాడు, మన రాయుడు ఆ సీజన్‌లో 602 పరుగులు చేశాడు, కప్పు తెచ్చింది వాళ్లే కదా" అని వాదించాడు.

వాడు చెప్పింది నిజమే, కానీ నా మాటకే అది సాక్ష్యం. ఐపీఎల్‌లో వాట్సన్‌కి ఎవరూ పదేళ్లు రాసివ్వలేదు. ఆ ఏడాదికి పనికొస్తాడా అని చూసి తీసుకున్నారు, సీజన్ రెండు నెలల్లో అయిపోతుంది. బేస్‌బాల్‌లో ఆరు నెలలు, దాదాపు రోజూ ఆట, సంతకం పడ్డాక మొత్తం డబ్బు కట్టి తీరాలి, ఆడినా ఆడకపోయినా. వయసైన ఆటగాడు వద్దని నేననడం లేదు. వయసైన ఆటగాడికి పదేళ్లు వద్దంటున్నాను.

దీనికి ఉదాహరణ ఆ 2011 వరల్డ్ సిరీస్‌లోనే, ఓడిన జట్టులో ఉంది. ఆడ్రియన్ బెల్ట్రే 2011 జనవరిలో రేంజర్స్‌తో సంతకం చేసినప్పుడు ఆయనకీ 31 ఏళ్లే. కానీ ఐదేళ్లు, 8 కోట్ల డాలర్లు. బాగా ఆడాడు కాబట్టి తర్వాత పొడిగించుకుంటూ పోయారు, 2016లో 37 ఏళ్లకి గోల్డ్ గ్లవ్ (ఫీల్డింగ్ అవార్డు) అందుకున్నాడు, 2017లో 3000వ హిట్ కొట్టాడు, ఇప్పుడు బేస్‌బాల్ దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. ఫ్రెడ్డీ ఫ్రీమన్ 32 ఏళ్లకి డాడ్జర్స్‌తో చేసుకుంది ఆరేళ్లు, 16.2 కోట్లు. 2024 వరల్డ్ సిరీస్ మొదటి ఆట పదో ఇన్నింగ్స్‌లో చీలమండ నొప్పితోనే గ్రాండ్ స్లామ్ (మూడు బేస్‌ల్లోనూ మనుషులుండగా కొట్టే హోమ్ రన్) కొట్టి గెలిపించాడు, మనకప్పుడు శనివారం పొద్దున తొమ్మిది దాటింది, నేను సోఫా మీంచి లేచి అరిచాను. బంతి విసిరే పిచర్ మ్యాక్స్ షెర్జర్‌కి 30 ఏళ్లకి వాషింగ్టన్ ఏడేళ్లు ఇచ్చింది, రెండు సై యంగ్ (ఉత్తమ పిచర్) అవార్డులు, 2019 టైటిల్ వచ్చాయి. ఏడేళ్ల దాకా నేనూ ఒప్పుకుంటాను.

మిగెల్ కబ్రెరాది చూడండి. ఉన్న కాంట్రాక్టు ఇంకా రెండేళ్లు మిగిలుండగానే 2014లో డెట్రాయిట్ వాళ్లు ఇంకో ఎనిమిదేళ్లు, 24.8 కోట్లు రాసిచ్చారు, 2016 నుంచి 2023 దాకా. 500వ హోమ్ రన్, 3000వ హిట్ రెండూ ఆ ఏళ్లలోనే వచ్చాయి, 3000వది సొంత గ్రౌండ్‌లో కొట్టినప్పుడు జనం ఆనందం చూసి నాకూ కళ్లు చెమర్చాయి. కానీ ఆ ఎనిమిదేళ్లలో జట్టు ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కి వెళ్లలేదు. ఆయన రిటైరైన మరుసటి ఏడాదే వెళ్లింది.

ఆటగాళ్లని మాత్రం నేను తప్పు పట్టను, ఇది గట్టిగా చెప్పాలి. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండేదాకా ఆటగాడు తనకిష్టమైన జట్టుకి వెళ్లలేడు, మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతమే. పుహోల్స్ 2001లో తొలి సీజన్ ఆడినప్పుడు ఆ కనీస జీతం 2 లక్షల డాలర్లు. మనిషి ఇరవైల్లో విరగబూసినప్పుడు చౌకగా వాడుకుంటారు, బజారులోకి వచ్చేసరికి ముప్పై దగ్గరపడుతుంది. పాత బాకీ కొత్త యజమాని తీర్చినట్టు ఉంటుంది ఇదంతా. ఆయనకి ఆ డబ్బు న్యాయమే, కొన్న జట్టుకే అది చెడ్డ బేరం.

జట్లకీ ఇది తెలుసు, అయినా ఏళ్లు పెంచుతూనే ఉన్నారు. జీతాల మొత్తం ఒక హద్దు దాటితే లగ్జరీ ట్యాక్స్ కట్టాలి, ఆ లెక్కలో కాంట్రాక్టు ఏడాది సగటు చూస్తారు. జాండర్ బోగార్ట్స్‌కి 30 ఏళ్లప్పుడు శాన్ డియాగో 11 ఏళ్లకి 28 కోట్లు ఇచ్చింది. అదే డబ్బు ఏడేళ్లకి ఇస్తే సగటు 4 కోట్లు, 11కి సాగదీస్తే రెండున్నర చిల్లర. అంటే చివరి నాలుగేళ్లు ఆడతాడని కాదు, వాయిదాలు పెంచుకున్నారంతే. ఇలా చూస్తే కొంత అర్థముంది, కానీ ఆ నాలుగేళ్లు జట్టులో ఒక చోటు కూడా ఆ పేరుకే పోతుంది, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. ఆరన్ జడ్జ్‌కి యాంకీస్ 30 ఏళ్లకి తొమ్మిదేళ్లు, 36 కోట్లు ఇచ్చారు. 2024, 2025 అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు లీగ్‌ల్లో ఒకటి) ఎంవీపీ ఆయనే, ఇప్పటికి బంగారం లాంటి బేరం. అది 2031 దాకా ఉంది, అప్పటికి ఆయనకి 39. ఆ పొద్దులు కూడా చూస్తాను.

చందా గురించి ఇంకొక్క మాట. కొన్ని ఆటలు ప్రత్యేక ప్రసారం కింద వేరే వేదికలకి పోతాయి, అన్నీ ఇందులోనే దొరుకుతాయని అనుకోకండి. 2022లో పుహోల్స్ 42 ఏళ్లకి కార్డినల్స్‌కి తిరిగొచ్చాడు, ఒకే ఒక్క ఏడాదికి, 25 లక్షల డాలర్లకి, 24 హోమ్ రన్లు కొట్టాడు. సెప్టెంబర్ 23న లాస్ ఏంజెలెస్‌లో 699, 700 ఒకే ఆటలో కొట్టాడు, ఆ ఆట అలా వేరే వేదికకి పోయిందే, నేను తర్వాత వీడియోలో చూశాను. 700వది కొట్టి బేస్‌లన్నీ చుట్టి వచ్చాక ఆయన హోమ్ ప్లేట్ వెనక వలదాకా నడిచి వెళ్లాడు. వలకి అవతల బెల్ట్రే నిలబడి ఉన్నాడు. ఇద్దరూ వలమీదే చేతులు కలిపారు.