పన్నెండేళ్లుగా అక్కకు డబ్బు పంపుతున్నాను: ఏ దారి ఎంతవరకు పనికొచ్చింది

2013లో ఇంటి డ్రైవరుగా కువైట్ వచ్చాను. అక్క విజయవాడలో చిట్టినగర్ వైపు కొండ మీద ఉంటుంది. రోడ్డు నుంచి ఆమె గది దాకా నూట పదిహేడు మెట్లు. బావ పోయాక నాలుగిళ్లలో అంట్లు తోమి ఇద్దరు పిల్లలను పెంచింది. నేను నెలనెలా పంపను. బడి ఫీజు, విషజ్వరం, గాలివానకు రేకు లేచిపోవడం లాంటివి వచ్చినప్పుడు ఇరవై, ముప్ఫై దీనార్లు పంపుతాను. రేటు ఎంత, ఎన్ని నిమిషాల్లో పడింది అన్నవే మొదట్లో చూసేవాణ్ణి. అవి రెండూ పంపేవాడి లెక్కలని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

కువైట్ సిటీలోని మాలియాలో ఎక్స్ఛేంజి దుకాణాలు వరుసగా ఉంటాయి. నేను వెళ్లే చోట కమీషను ఒకటిన్నర దీనారు. వంద పంపినా అంతే, ఇరవై పంపినా అంతే. వంద మీద అది ఒకటిన్నర శాతం, ఇరవై మీద ఏడున్నర. కొండ మీదికి వెళ్లేవి ఎప్పుడూ ఇరవైలే. పంపే ఖర్చును 2030 నాటికి మూడు శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది. నా రసీదు అందులో ఇమడదు. పైగా బోర్డు మీది రేటు బజారు రేటు కంటే కాస్త తక్కువే ఉంటుంది. అది రసీదులో కనబడని రెండో కమీషను.

అక్కకు ఖాతా లేని రోజుల్లో పది అంకెల నంబరు చెప్పి నగదు తీసుకోమనేవాణ్ణి. ఆ నంబరును ఆమె క్యాలెండరు వెనుక రాసుకునేది. ఒకసారి ఫారంలో ఇంటిపేరు పొడి అక్షరంగా రాశాను, ఆమె గుర్తింపు కార్డులో పూర్తిగా ఉంది. కౌంటరులో కుదరదన్నారు. నేను ఇక్కడ పేరు దిద్దించేసరికి మూడు రోజులైంది, ఆమెకు రెండు పూటల కూలి పోయింది. ఊరెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపితే ఖర్చుండదు గానీ, వాళ్లది రాయచోటి, అక్కది విజయవాడ. హుండీవాళ్లయితే, అంటే బ్యాంకుతో పని లేకుండా చేతుల మీదుగా డబ్బు చేరవేసేవాళ్లయితే, గుమ్మంలోకి తెచ్చి ఇస్తామన్నారు. చట్టవిరుద్ధం, రసీదూ ఉండదు కాబట్టి ఆ జోలికి పోలేదు. అయితే మెట్ల సంగతి గుర్తు పెట్టుకున్నది మాత్రం వాళ్లే.

2015లో జన్‌ధన్ ఖాతా తెరిచాక ఇక బాధ తీరిందనుకున్నాను. మొదటిసారి వేసిన డబ్బు వెనక్కి వచ్చింది. సరైన పత్రాలు లేకుండా తెరిచిన చిన్న ఖాతాలో విదేశీ సొమ్ము వేయరట. అక్కకు అప్పటికి ఆధార్ రాలేదు. ఆ సంగతి ఖాతా తెరిచిన రోజున ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. చిన్నమేనల్లుడికి డెంగీ వచ్చినప్పుడు ఎనిమిది వేలు వేశాను. నిమిషాల్లో పడింది. అక్క వెళ్లి చూస్తే ఖాతాలో ఐదు వేల ఏడు వందలే ఉన్నాయి. వాయిదాల మీద కొన్న ఫ్రిజ్ తాలూకు రెండు నెలల బాకీ, దాని మీద జరిమానా అప్పటికే కోసుకున్నారు. అప్పు అప్పే, కాదనను. కానీ నేను డబ్బు పంపింది ఆసుపత్రికి. అది నా చేతినుంచి అక్క చేతికి వెళ్తుంటే మధ్యలో ఒక యంత్రం వచ్చి ముందు తన వాటా తీసుకుంది. నేరుగా ఖాతాలో పడటం సౌకర్యమే, ఆ సౌకర్యం అప్పులవాళ్లకూ ఉంది. ఆ తర్వాత ఏ వాయిదాతోనూ సంబంధం లేని వేరే ఖాతా తెరిపించాను. పన్నెండేళ్లలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే.

2020 కర్ఫ్యూలో ఎక్స్ఛేంజిలు మూతబడ్డాక యాప్‌కు మారాను. ఇప్పుడు రేటు ముందే తెలుస్తుంది, క్యూలో నిలబడక్కర్లేదు. నా వైపు నుంచి పదికి తొమ్మిది మార్కులు. అక్క వైపున మాత్రం కొండ కింద దుకాణంలో, వేలిముద్ర వేసి ఖాతాలోని నగదు తీసుకునే యంత్రం ఉంది. ఇరవై ఏళ్లు సబ్బునీళ్లలో నానిన వేళ్లకు గీతలు అరిగిపోయాయి. యంత్రం ఒకసారి ఒప్పుకుంటుంది, మూడుసార్లు ఒప్పుకోదు. ఒప్పుకున్న రోజున దుకాణదారు దగ్గర నగదు ఉండాలి. వెయ్యికి పది రూపాయలు అతనికి.

2024 జులై నుంచి వితంతు పింఛను నాలుగు వేలైంది. వార్డు సచివాలయం ఉద్యోగి ఒకటో తేదీన నూట పదిహేడు మెట్లూ ఎక్కి చేతిలో పెట్టి వెళ్తున్నాడు. హైదరాబాదులో ఉండే అక్క మరిది నెలకు వెయ్యి ఫోన్‌పేలో వేసేవాడు. ‘‘ఇప్పుడు పింఛను పెరిగింది కదా వదినా’’ అని మానేశాడు. అతనికీ ఇద్దరు ఆడపిల్లలు, తప్పుపట్టలేను. పెరిగింది వెయ్యి, ఆగిందీ వెయ్యే. నాకూ ఆ ఆలోచన రాలేదని చెప్పను.

మా ఇద్దరికీ ఒక గుర్తు ఉంది. ఖాతాలో పడినట్టు మెసేజ్ వస్తే వాట్సాప్‌లో ఒక మిస్డ్ కాల్, చేతికి నగదు వస్తే రెండు. పోయిన నెల ఒక కాల్ వచ్చాక రెండు కాల్స్ వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. యాప్‌లో ‘పూర్తయింది’ అని పచ్చ టిక్కు మొదటి రోజే పడింది.