గ్యాస్ డబ్బా కంటే ముందు గేజ్ తీసిన ఏసీ షాపు

మా ఇంట్లో 2011 మోడల్ డీజిల్ ఇన్నోవా ఉంది. రెండున్నర లక్షల కిలోమీటర్లు తిరిగినా ఇంజన్‌కు వంక పెట్టడానికి లేదు గానీ, రెండేళ్లుగా ఏసీ, హీటర్ రెండూ మొరాయిస్తూ వచ్చాయి. మే నెల మొదటి వారంలో విజయవాడ ఆటోనగర్‌లోని ఈ కారు ఏసీ షాపుకు తీసుకువెళ్లాను. అక్కడ పని ఎలా జరిగిందో, ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో రాస్తున్నాను.

ముందుగా రోగ లక్షణాలు చెప్పాలి. వెనక సీట్ల వారికి పైకప్పు వెంట్ల నుంచి వచ్చే గాలి మొదట చల్లదనం కోల్పోయింది, నెల తిరిగేసరికి ముందు వెంట్లు కూడా అదే దారి పట్టాయి. మా ఇంటి దగ్గరి షాపులో రెండేళ్లలో మూడుసార్లు గ్యాస్ పట్టించాను. పట్టించిన ప్రతిసారీ రెండు మూడు నెలలు బాగానే ఉండేది, తర్వాత మళ్లీ మామూలే. ఏసీ గ్యాస్ డీజిల్‌లాగా ఖర్చయిపోయే సరుకు కాదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు హోసుల గుండా ఏళ్ల మీద కొద్దిగా తగ్గితే తగ్గవచ్చు గానీ, మూడు నెలల్లో ఖాళీ అయిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఈ చిన్న విషయం మూడుసార్లు డబ్బు కట్టాక గాని నాకు తట్టలేదు, అది నా తెలివితక్కువతనమే.

ఈ షాపు మేస్త్రి బండి రాగానే గ్యాస్ డబ్బా తీయలేదు. ఇంజన్ ఆపి ఉండగా ఒకసారి, నడుస్తుండగా ఒకసారి ప్రెషర్ కొలిచే గేజ్ పెట్టి చూశారు. ఇంజన్ ఆపినప్పుడు కనిపించే ప్రెషర్ బయటి ఎండను బట్టి ఉంటుందనీ, లోపల కొంత ద్రవం మిగిలి ఉన్నంత వరకు గ్యాస్ సగమున్నా నిండుగా ఉన్నా ముల్లు దాదాపు ఒకేచోట నిలుస్తుందనీ, అందువల్ల ఆ ఒక్క అంకె చూసి గ్యాస్ సరిపడా ఉందని చెప్పేవారిని నమ్మవద్దనీ ఆయన వివరించారు. “గ్యాస్ పోయడం పది నిమిషాల పనండీ, ఎటు పోతోందో చూడటానికే పూట పడుతుంది” అన్నారు.

పూట కాదు, దాదాపు రోజంతా పట్టింది. ఇన్నోవాలో గ్యాస్‌ను ఒత్తి తిప్పే కంప్రెసర్ ఒక్కటే రెండు కూలింగ్ కాయిళ్లను నడుపుతుంది, ఒకటి డ్యాష్‌బోర్డు లోపల ఉంటే రెండోది వెనక సీట్ల వారి కోసం ఉంటుంది, ఆ రెండోదాని దాకా వెళ్లే అల్యూమినియం పైపులు బండి అడుగున బురదా రాళ్లూ తగిలే చోటు నుంచి సాగుతాయి. ఉన్న గ్యాస్ తీసేసి, లీకు పట్టడానికి లైనులో ఒత్తిడితో నైట్రోజన్ నింపి, బండిని లిఫ్ట్ మీద ఎత్తాక, మేస్త్రి టార్చి పట్టుకుని పైపు వెంట వేలితో తడుముతూ వెళ్లి ఒకచోట ఆగారు. మిగతా పైపంతా పొడి దుమ్ముతో ఉంటే, అక్కడ మాత్రం అరచేయంత మేర మట్టి నల్లగా జిడ్డుగా అంటుకుని ఉంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికి వస్తుంది కాబట్టి లీకు ఉన్న చోట దుమ్ము ఇలా పేరుకుంటుందట. గుడ్డతో తుడిచి, పాత బ్రష్షుతో సబ్బు నురగ పూయగానే, ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి పుట్టుకొచ్చాయి. పైపును పట్టి ఉంచే క్లిప్పు ఎప్పుడో ఊడిపోయి, బ్రాకెట్‌కు రాసుకుని రాసుకుని అక్కడ అరిగిపోయింది. మూడుసార్లు నేను పోయించిన గ్యాస్ పోయిన దారి అది.

అరిగిన ముక్క కోసి ఆర్గాన్ వెల్డింగ్ చేయించారు, విప్పిన జాయింట్లకు కొత్త రబ్బరు ఓ-రింగులు వేశారు, లోపలి తేమను పీల్చే డ్రయర్ మార్చారు, ముప్పావు గంట వాక్యూమ్ పెట్టి, అంటే పైపుల్లోని గాలంతా లాగేసి, గేజ్ ముల్లు కదలలేదని, అంటే లీకు లేదని నాకు చూపించాకే ఆర్-134ఏ గ్యాస్‌ను త్రాసు మీద తూచి ఎక్కించారు. వెనక బ్లోయర్ చివరి స్పీడులో మాత్రమే తిరుగుతుంటే అది స్పీడు తగ్గించే రెసిస్టర్ కాలిపోవడం వల్లేనని మోటారు జోలికి పోకుండా తేల్చారు. మరో చోటైతే మోటారు మార్చమనేవారని నా అనుమానం.

హీటర్ సంగతి మరీ విచిత్రం. డిసెంబరులో అరకు వెళ్లినప్పుడు ఎంతసేపు నడిపినా గోరువెచ్చని గాలే వచ్చింది, పిల్లలు దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. హీటర్ వేడి ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ నుంచే రావాలి కాబట్టి, మేస్త్రి ముందుగా అడిగిన ప్రశ్న టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలుస్తుందని. సగానికి బాగా కిందే ఉంటుందని చెప్పాను. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు వెళ్లనివ్వని వాల్వు థర్మోస్టాట్. దాని గూడు విప్పితే లోపల థర్మోస్టాటే లేదు! బండి వేడెక్కకుండా ఉంటుందని ఒకప్పుడు ఏ మెకానిక్కో తీసి పారేసి ఉండాలి. అది లేకపోతే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్ గుండా తిరిగి ఇంజన్ తగినంత వేడెక్కదు, డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది. కొత్తది వేసి కూలెంట్ మార్చారు.

లోపాలూ ఉన్నాయి. ఒక్కరోజులో ఇస్తామన్న బండి రెండో రోజు సాయంత్రానికి ఇచ్చారు. ముందుగా రాతపూర్వకమైన అంచనా ఇవ్వరు, బిల్లులో కూలీ, సామాను విడివిడిగా రాయరు, నేను అడిగితే వెనక వైపు పెన్నుతో రాసిచ్చారు. వెల్డింగ్‌కు ఆరు నెలల గ్యారంటీ అన్నది నోటిమాటే. అయినా మొత్తం 9,400 రూపాయలు నాకు ఎక్కువనిపించలేదు. నీడలో పది నిమిషాలు నడిపాక ముందు వెంట్ దగ్గర 9 డిగ్రీలు, వెనక 12 డిగ్రీలు చూపింది, ఇప్పటికి మూడు నెలలు దాటినా తేడా లేదు.

బండి అప్పగించే ముందు హీటర్ కూడా చూసుకోమన్నారు. బయట 42 డిగ్రీల ఎండ. వద్దులెండి అంటే మేస్త్రి ఊరుకోలేదు. అద్దాలు ఎత్తించి, నా పక్కనే కూర్చుని, వెంట్‌లో పెట్టిన థర్మామీటర్ 56 దాటేదాకా నన్ను దిగనివ్వలేదు. దిగేసరికి ఇద్దరి చొక్కాలూ తడిసి ముద్దయ్యాయి.