తుఫాను వేళ దుఆ: ఫజర్ ఖునూత్, జుమా దుఆ, ఇంట్లో నమాజు – ఏది మేలు?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర గంటల మధ్య తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అది ఫజర్, అంటే తెల్లవారుజాము నమాజు వేళ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు ఆ గాలికి నేలకొరిగాయి, ఆ వెంటనే వంశధారకు వరద వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న, విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనూ వదల్లేదు. ఇలాంటి రోజులు వచ్చినప్పుడల్లా మసీదుకు వెళ్లేవాళ్ల మధ్య ఒక చర్చ నడుస్తుంది. జమాత్‌లో (సామూహిక నమాజులో) ఖునూతె నాజిలా, అంటే విపత్తు వేళ ఫర్జ్ (తప్పనిసరి) నమాజులోనే ఇమాం చేసే ప్రత్యేక దుఆ (ప్రార్థన) చదవాలా? శుక్రవారం జుమా నమాజు రోజు అందరూ కలిసి దుఆ చేస్తే సరిపోతుందా? లేక ఎవరింట్లో వాళ్లు నఫిల్ (ఐచ్ఛిక) నమాజు చేసుకోవడం మేలా?

ఒక్కటే ఎంచుకోమంటే నేను ఫజర్ ఖునూత్ వైపే ఉంటాను. అయితే గాలి వీస్తున్న ఆ ఉదయం మాత్రం కాదు. తుఫాను వెళ్లిపోయాక, కరెంటు లేక, తాగునీరు లేక, పనులు లేక మనుషులు మిగిలిపోయే రోజుల్లో దాని అవసరం ఎక్కువ.

గాలి వీస్తున్నప్పుడు ఇల్లే మేలు. ఇందులో నాకు సందేహం లేదు. చలిగాలి, వాన ఉన్న రాత్రుల్లో ఎవరి బసలో వాళ్లు నమాజు చేసుకోండని నమాజుకు పిలుపునిచ్చే ముఅజ్జిన్ చేత చెప్పించడం ప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా చేసిన పని. ఒక వాన రోజున ప్రవక్త సహచరుడు ఇబ్నె అబ్బాస్ (రజి) అజాన్‌లో ‘నమాజుకు రండి’ అనే పిలుపు స్థానంలోనే ‘మీ ఇళ్లలో నమాజు చేయండి’ అనిపించారు. అది జుమా రోజు. పెనుగాలి, భూకంపం, పగలే కమ్ముకునే చీకటి వంటి భయాల్లో ఎవరికి వారు విడిగా నమాజు చేయాలని హనఫీ ఫిఖ్హ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) చెబుతుంది. గాలి ఉధృతమైనప్పుడు ప్రవక్త (స) చేసే దుఆను ఆయన భార్య ఆయిషా (రజి) చెప్పారు: ఈ గాలిలోని మేలును, ఇది మోసుకొచ్చిన మేలును అడుగుతున్నాను, దీని కీడు నుంచి నీ శరణు వేడుతున్నాను అనేది దాని సారం. ఇంటిల్లిపాదీ, పిల్లలతో సహా, చేసుకోదగిన దుఆ ఇది.

రేకులు ఎగురుతున్న వీధిలో, తెగిన కరెంటు తీగల మధ్య నడిచి మసీదు చేరడమే భక్తి అని కొందరు పెద్దలు పట్టుబడతారు. వాళ్ల మనసు నాకు అర్థమవుతుంది. ఏళ్ల తరబడి మొదటి వరుస వదలని వాళ్లు వాళ్లు. అందుకే హెచ్చరిక వచ్చిన సాయంత్రమే, ఇషా (రాత్రి నమాజు) జమాత్ కాగానే, రేపటి ఫజర్ ఇంట్లోనే చేసుకోండని ఇమాం నోటితో చెప్పాలి. ఇంట్లోవాళ్లు చెబితే వినని మనిషి ఇమాం చెబితే వింటాడు.

ఇక ఖునూత్. హిజ్రీ 4వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 625లో, ఖురాన్ నేర్పడానికి వెళ్లిన 70 మంది సహచరులను బిఅరె మఊనా అనే బావి దగ్గర నమ్మించి చంపారు. ఆ వార్త విన్న ప్రవక్త (స) నెల రోజుల పాటు నమాజులో రుకూ (నడుము వంచే భంగిమ) నుంచి లేచాక ఆ ద్రోహం చేసిన తెగలకు వ్యతిరేకంగా దుఆ చేశారు. ఇందులో నేను పట్టుకునే సంగతి ఒకటి ఉంది. ఆ దుఆ మొదలయ్యేసరికి జరగాల్సిన ఘోరం జరిగిపోయింది. 70 ఇళ్లు దుఃఖంలో ఉన్నాయి. ఆ దుఃఖాన్ని ఒక్క రోజుతో ముగించకుండా, ప్రతిరోజూ జమాత్ అంతా కలిసి నిలబడి అల్లాహ్ ముందు పెట్టారు. తుఫాను మర్నాటి నుంచి మన జిల్లాలకు కావలసింది ఇదే అని నా నమ్మకం. వార్తల్లో మన పేరు రెండు మూడు రోజులే ఉంటుంది. పడిపోయిన కొబ్బరిచెట్టు స్థానంలో మొక్క పెట్టి కాపు చూడాలంటే ఏళ్లు పడుతుంది.

ఖునూత్ ఫజర్‌లోనే చదవాలా, అయిదు పూటలా చదవాలా అన్నది పాత చర్చే. ప్రవక్త సహచరుడు అనస్ (రజి) కథనాల్లో ఫజర్ ప్రధానంగా కనిపిస్తుంది, సూర్యాస్తమయ నమాజు మగ్రిబ్ కూడా ఉంది. ఇబ్నె అబ్బాస్ (రజి) కథనంలో అయిదు నమాజులూ ఉన్నాయి, వెనుక నిలబడినవాళ్లు ఆమీన్ అనేవారు. షాఫయీ, హంబలీ, మాలికీ, హనఫీ అనే నాలుగు ఫిఖ్హ్ సంప్రదాయాల్లో షాఫయీలు విపత్తులో అయిదు పూటలా చదవవచ్చంటారు. హంబలీలు జుమాను మినహాయిస్తారు. మాలికీల ఖునూత్ ఏడాది పొడవునా ఫజర్‌లో, మెల్లగా ఉంటుంది. హనఫీలు విపత్తు ఖునూత్‌ను ఫజర్ రెండో రకాతులో (నమాజులోని రెండో ఆవృత్తిలో), రుకూ తర్వాత చదువుతారు. వాళ్లు రోజూ ఇషా తర్వాతి విత్ర్ నమాజులో రుకూకు ముందు చదివే ఖునూత్ వేరు, దాన్ని దీనితో కలపకూడదు.

ఇక్కడి మసీదుల్లో హనఫీ పద్ధతే ఎక్కువ. అక్కడ అయిదు పూటలా మొదలుపెడితే దుఆ కన్నా వాదన పెద్దదవుతుంది. పైగా మధ్యాహ్నపు జుహర్, సాయంత్రపు అసర్ నిశ్శబ్దంగా చదివే నమాజులు. దుకాణం మూసి వచ్చినవాడు, బస్సు దిగి దారిలో ఆగినవాడు ఆ జమాత్‌లో ఉంటారు. ఇమాం ఒక్కసారిగా బిగ్గరగా దుఆ అందుకుంటే వాళ్లకు ఏం చేయాలో తోచదు. షాఫయీ మసీదైతే అయిదు పూటలూ చదవడమే సహజం, దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. చేతులు ఎత్తాలా, కట్టుకోవాలా, వదిలేయాలా అన్న చోట కూడా ఇమాంను అనుసరిస్తే చాలు. తుఫాను బాధితుల కోసం నిలబడి చేతుల గురించి గొడవపడటం నాకు బాధ కలిగిస్తుంది.

ఫజర్ ఖునూత్‌కు రెండు లోపాలున్నాయి. ఫజర్‌కు వచ్చేవాళ్లు తక్కువ. దుఆ అరబ్బీలో ఉంటుంది కాబట్టి ఆమీన్ అనేవాళ్లలో చాలామందికి ఇమాం ఏం అడిగారో తెలియదు. ఆ రెండింటినీ తీర్చేది జుమా.

మదీనాలో కరవు రోజుల్లో జరిగిన సంగతి అనస్ (రజి) చెప్పారు. ప్రవక్త (స) జుమా ఖుత్బా (ప్రసంగం) ఇస్తుండగా ఒక పల్లెవాసి వచ్చి, పశువులు చచ్చిపోతున్నాయి, దారులు తెగిపోయాయి, వాన కోసం దుఆ చేయండన్నాడు. ఆయన మింబర్ (ప్రసంగ వేదిక) మీదే చేతులెత్తారు. ఆకాశంలో మబ్బు తునక లేని వేళ, సల్అ కొండ వెనుక నుంచి డాలు అంత మబ్బు లేచింది. వారం రోజుల దాకా సూర్యుడు కనబడలేదు. తర్వాతి జుమాకు మళ్లీ ఒక మనిషి వచ్చి, సొమ్ములు పోతున్నాయి, దారులు తెగిపోయాయి, వాన ఆగాలని దుఆ చేయండన్నాడు. వాన అసలే వద్దని ప్రవక్త (స) అడగలేదు. మా మీద కాకుండా మా చుట్టూ, గుట్టల మీద, కొండల మీద, లోయల్లో, చెట్లు మొలిచే చోట్ల కురిపించమని అడిగారు.

వానే బతుకు, వానే నష్టం అయిన ఊళ్లకు ఇంతకన్నా దగ్గరి దుఆ నాకు కనిపించదు. ఇక్కడ ఒక మాట మాత్రం కలపాలి. ఒడిశా కొండల మీద భారీగా కురిస్తే ఆ నీరు వంశధార, నాగావళి పట్టుకుని మన మీదికే వస్తుంది. కాబట్టి నదులు గట్లు దాటకుండా కాపాడమని కూడా మనం అడగాలి. తిత్లీ గురువారం వచ్చింది, మర్నాడే జుమా. అలాంటి జుమాలో ఖుత్బాకు ముందు బయాన్‌ను (ఉపన్యాసాన్ని) తెలుగులో, ఉర్దూలో ఇచ్చి, ఏ పల్లెకు ఏం కావాలో చెప్పి, నమాజు అయ్యాక అర్థమయ్యే భాషలో దుఆ చేస్తే ఊరంతా అందులో పాలుపంచుకుంటుంది. అయితే జుమా వారానికి ఒకసారే. మిగతా ఆరు రోజులను ఫజర్ నిలబెడుతుంది. అందుకే నా ఓటు ఫజర్‌కు.

అంటువ్యాధి సంగతి కొంత వేరు. రెండో ఖలీఫా ఉమర్ (రజి) కాలంలో, హిజ్రీ 18లో, అమ్వాస్ ప్లేగు వేలమందిని పొట్టనబెట్టుకున్నా ఖునూత్ చదివిన దాఖలా లేదని హంబలీలు అంటువ్యాధి వేళ ఖునూత్‌కు ఒప్పుకోరు. షాఫయీలు ఒప్పుకుంటారు. 2020లో లాక్‌డౌన్‌తో జమాత్‌లే ఆగిపోయినప్పుడు ఇంటి దుఆ ఒక్కటే మిగిలింది.

ఎవరి కోసం అడగాలి అన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం. మన వాళ్ల కోసమే అనుకునేవాళ్లున్నారు. మక్కాలో ఖురైషు తెగవాళ్లు కరవుతో ఎముకలు తినే దశకు వచ్చినప్పుడు, అప్పటికి శత్రువుగా ఉన్న అబూ సుఫ్యాన్ వచ్చి మీ జాతి నశించిపోతోంది, దుఆ చేయండని అడిగాడు. ప్రవక్త (స) వాళ్ల కోసం దుఆ చేశారు, వాన పడింది. శత్రువులకే అది దక్కినప్పుడు, మన పక్కింటి మత్స్యకారుడికీ, జీడితోట పోయిన ఉద్దానం రైతుకూ మన దుఆలో చోటు లేకపోవడం ఏ రకంగానూ సరికాదు.

దుఆ చిన్నదిగా ఉండాలి. నమాజు మరీ పొడిగించాడని సహచరుడు ముఆజ్ (రజి) అంతటివారినే ప్రవక్త (స) గట్టిగా మందలించారు. ముసలివాళ్లు నిలబడి ఉన్నారని గుర్తుంచుకుని మూడు నాలుగు వాక్యాలతో ముగించవచ్చు. ఎన్నాళ్లన్నది కూడా ముందే అనుకోవాలి. మక్కాలో బందీలైన వలీద్, సలమా, అయ్యాష్ (రజి) విడుదల కోసం చేసిన ఖునూత్‌ను ప్రవక్త (స) ఒక రోజు ఆపేశారు. ఎందుకని సహచరుడు అబూ హురైరా (రజి) ఆరా తీస్తే, వాళ్లు వచ్చేశారు కదా, చూడలేదా అన్న జవాబు వచ్చింది. ఇక్కడా అంతే. కరెంటు వచ్చి, శిబిరాల్లోని వాళ్లు ఇళ్లకు చేరాక ఆపవచ్చు, గరిష్ఠంగా నెల.

మొదలుపెట్టే రోజు ఇఖామత్‌కు (జమాత్ మొదలవుతోందని చెప్పే పిలుపుకు) ముందే ఇమాం ప్రకటించాలి: రెండో రకాతులో రుకూ నుంచి లేచాక ఆగుతాను, ఎవరూ సజ్దాకు (సాష్టాంగానికి) వెళ్లకండి, ఆమీన్ మెల్లగా అనండి అని. ఈ మాట చెప్పని చోట సగం వరుస సజ్దాలో, సగం వరుస నిలబడి ఉంటుంది. తుఫాను తర్వాత మైకు పనిచేయదు కాబట్టి వెనుక వరుసకు వినబడేలా తక్బీర్ (‘అల్లాహు అక్బర్’ అనే మాట) అందించేందుకు ఒక మనిషిని ముందే నిలబెట్టాలి.