ప్లాగ్ చెక్ చివర్లో ఒక్కసారా, రాస్తున్నప్పుడా: ఏది మేలు?

పీహెచ్‌డీ థీసిస్ సబ్మిషన్ దగ్గరపడితే చాలు, స్కాలర్లు ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న "నీకెంత వచ్చింది?" అనే. ప్లాగ్ చెక్ (ప్లేజరిజం, అంటే ఇతరుల రాతను తనదిగా చూపించుకోవడం ఉందేమో చూసే పరీక్ష) చేసే సాఫ్ట్‌వేర్, థీసిస్‌లో ఎంత భాగం వేరే రాతలతో కలుస్తోందో చెప్పే శాతం గురించే ఆ ప్రశ్న. పది శాతం లోపు వస్తే ఊపిరి పీల్చుకుంటారు. పన్నెండు వస్తే నిద్ర పట్టదు. నాలుగైదేళ్ల కష్టం ఒక అంకె దగ్గర ఆగిపోవడం చూస్తే బాధేస్తుంది. ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పు తక్కువ. దాన్ని ఎప్పుడు వాడుతున్నాం, ఎలా వాడుతున్నాం అన్నదే అసలు గొడవ.

మొదటి పద్ధతి అందరికీ తెలిసిందే. రాయడం మొత్తం అయిపోయాక లైబ్రరీలో ఒకసారి చెక్ చేయించి, శాతం చూసి సరే అనడమో తిప్పి పంపడమో. రెండో పద్ధతిలో ఒక్కో చాప్టర్ పూర్తవుతుండగానే రిపోర్ట్ తీసి, విద్యార్థీ గైడూ కలిసి కూర్చుని చదువుతారు. సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా చదివి, వైవాలో (మౌఖిక పరీక్షలో) అడిగి తేల్చుకునే పాత పద్ధతి మూడోది.

ముందు రూల్ చూద్దాం. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలికలకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే, ఆరు నెలలకు మించని గడువులో సరిచేసి ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాది పాటు మళ్లీ సమర్పించే వీలుండదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు, మూలం చెప్పి వాడిన ఉటంకింపులు, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు. యాదృచ్ఛికంగా కలిసే వరుస మాటలకు 14 పదాల వరకు మినహాయింపు ఉంది. యూనివర్సిటీ లైబ్రరీలకు సేవలందించే గాంధీనగర్‌లోని యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ 2019లో శోధ్‌శుద్ధి పథకం మొదలుపెట్టి, ముందు ఉర్కుండ్, తర్వాత డ్రిల్‌బిట్ అనే ప్లాగ్ చెక్ సాఫ్ట్‌వేర్‌లను యూనివర్సిటీలకు అందించింది.

చివర్లో ఒక్కసారి చెక్ చేయడంలో మంచి లేదని అనను. అందరికీ ఒకే కొలత. గైడ్ మొహమాటానికి, పలుకుబడికి చోటు తగ్గుతుంది. థీసిస్‌లు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భండారంలోకి రాకముందు, ఒక యూనివర్సిటీ బీరువాలో ఉన్న థీసిస్‌ను ఇంకో ఊళ్లో దించేసినా పట్టుకునేవాళ్లు దాదాపు ఉండేవాళ్లు కాదు. ఆ దారి చాలావరకు మూసుకుపోయింది.

కానీ ఈ సాఫ్ట్‌వేర్ వెతికేది పోలికను మాత్రమే. దొంగతనమా కాదా అన్నది దానికి తెలియదు. ఇద్దరు విద్యార్థులను ఊహించుకోండి. ఒకరికి 18 శాతం వచ్చింది. తెరిచి చూస్తే అంతా చిన్న చిన్న ముక్కలు: సంస్థల పేర్లు, ప్రయోగ విధానాన్ని వర్ణించే మామూలు వాక్యాలు, సర్వే ప్రశ్నావళి, డిక్లరేషన్ పేజీ. ఇంకొకరికి 8 శాతమే. ఆ ఎనిమిదీ ఒకే వ్యాసం నుంచి, అదీ ఫలితాల మీద చర్చ రాసిన పేజీల్లో, మూలం పేరైనా లేకుండా. అంకె మాత్రమే చూసేవాళ్లు మొదటి విద్యార్థిని ఆపి రెండో విద్యార్థిని పంపించేస్తారు. నిజానికి జరగాల్సింది దానికి తలకిందులు.

అంకె ఒక్కటే గీటురాయి అయితే, దాన్ని తగ్గించడమే చదువైపోతుంది. "ప్లాగ్ తగ్గించి ఇస్తాం" అనే వ్యాపారం పుట్టింది ఇందుకే. మాటలకు పర్యాయపదాలు మార్చే టూల్స్ వాడితే శాతం తగ్గుతుంది, అర్థం కూడా పోతుంది. 2021లో ఫ్రాన్స్‌కు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త గియోమ్ కబానాక్ బృందం ఇలాంటి విరిగిన మాటలను పరిశోధన పత్రాల్లోనే పట్టుకుంది. బ్రెస్ట్ క్యాన్సర్ అని ఉండాల్సిన చోట బోజమ్ పెరిల్ అని ఉంది, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కాస్తా కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్ అయింది. విద్యార్థికి నిజాయితీ నేర్పాల్సిన పరికరం, దొరక్కుండా రాయడం నేర్పిందన్నమాట.

రెండో పద్ధతిలో రిపోర్ట్ పాఠ్యపుస్తకంలా పనిచేస్తుంది. లిటరేచర్ రివ్యూ (అంతకుముందు వచ్చిన పరిశోధనల సమీక్ష) రాసిన విద్యార్థికి రంగులు వేసిన పేరాలు చూపించి, "ఈ పేరాలో నీ మాట ఏది? ఆ వ్యాసకర్త చెప్పింది నువ్వెలా అర్థం చేసుకున్నావు?" అని అడగొచ్చు. మన విద్యార్థుల్లో చాలామంది చేసే తప్పు మోసం కోసం చేసింది కాదు. ఇంటర్ దాకా గైడ్ బుక్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే మార్కులు వేశాం. పీజీకి వచ్చాక అదే పని నేరమంటే వాళ్లకు ఎక్కడ అర్థమవుతుంది? సొంత మాటల్లో రాయడం చేతికి రావాలంటే తప్పు దిద్దుకునే సమయం ఉండాలి, శిక్ష భయం ఉండకూడదు. యూజీసీ నిబంధనల్లోనూ అవగాహన కార్యక్రమాలు, శిక్షణ జరపాలని ఉంది. రెండు క్రెడిట్ల రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ కోర్సును 2019 చివర్లో పీహెచ్‌డీకి తప్పనిసరి చేశారు కూడా. శాతాల పట్టిక అందరికీ నోటికి వచ్చింది, ఈ భాగం మాత్రం ఎవరికీ పట్టలేదు.

పదే పదే చెక్ చేసుకోనిస్తే ఆటలాడతారు కదా అంటారు. నిజమే, ఆడతారు. అందుకే రిపోర్ట్‌ను విద్యార్థి ఒంటరిగా చూడటం కన్నా గైడ్ పక్కన కూర్చుని చూడటం మేలు. టర్నిటిన్ అనే ప్లాగ్ చెక్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే అసైన్‌మెంట్‌ను మూడుసార్ల తర్వాత మళ్లీ పెడితే కొత్త రిపోర్ట్ రావడానికి 24 గంటలు ఆగాలి. ఆ ఆలస్యం కూడా పనికొస్తుంది. మాస్టర్స్ కోసం బ్రిటన్ వెళ్లే మన పిల్లలు అక్కడ "పది లోపేనా?" అని అడిగితే సూటిగా జవాబు రాకపోవచ్చు. ఇంత శాతం దాటితే తప్పు అనే గీత ఉండదనీ, రిపోర్ట్ చదివి టీచర్లే నిర్ణయిస్తారనీ చెప్పే యూనివర్సిటీలు అక్కడ చాలా ఉన్నాయి. అంకె మాత్రమే తీర్పు కాదని టర్నిటిన్ కూడా చెబుతుంది.

తెలుగులో రాసిన థీసిస్‌ల దగ్గర ఈ రెండు పద్ధతులూ తడబడతాయి. యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతి) కాని అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైల్ నుంచి సాఫ్ట్‌వేర్ తీసుకునేది అక్షరాలు కాదు, అర్థం లేని ఇంగ్లిష్ గుర్తుల గుంపు. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అదీ ఉండదు. వాటికి సున్నా శాతం వచ్చిందంటే థీసిస్ స్వచ్ఛమని కాదు, చెక్కే జరగలేదని. పోల్చి చూడాల్సిన పాత పత్రికలు, పుస్తకాలు ఎన్నో నెట్‌లో యూనికోడ్‌లో లేవు. ఇంగ్లిష్ వ్యాసాన్ని తెలుగులోకి దించేసినా సాధారణంగా దొరకదు. 14 పదాల మినహాయింపు కూడా విభక్తులు మాటకు అతుక్కునే మన భాషలో చాలా ఉదారమైనది. తెలుగులో వరుసగా 14 పదాలంటే ఒక పెద్ద వాక్యమే. ఇలాంటి చోట ఆ విషయం బాగా చదువుకున్న పరీక్షకులు, గట్టిగా జరిగే వైవా తప్ప వేరే దారి లేదు. సబ్మిషన్‌కు యూనికోడ్ ఫైల్ తప్పనిసరి చేస్తే కనీసం రాబోయే తరానికి పనికొస్తుంది.

ఏఐ రాసిందా అని చెప్పే టూల్స్‌ను వీటితో కలపొద్దు. పోలిక రిపోర్ట్‌లో మూలం పక్కనే ఉంటుంది, మనమే చూసి ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు. ఏఐ డిటెక్టర్ అంచనా మాత్రమే చెబుతుంది, పక్కన పెట్టి చూడటానికి ఏమీ ఇవ్వదు. టర్నిటిన్ 2023 ఏప్రిల్‌లో తెచ్చిన ఈ సదుపాయాన్ని అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ అదే ఏడాది ఆగస్టులో నిలిపేసింది.

నా ఓటు రెండో పద్ధతికి, మూడో దాని తోడుతో: చాప్టర్ చాప్టర్‌కూ రిపోర్ట్, చివర్లో రూల్ అడిగే చెక్, వైవాలో ఆ రిపోర్ట్ పరీక్షకుల చేతిలో. వందల అసైన్‌మెంట్లు దిద్దే డిగ్రీ టీచర్లకు ఇంత ఓపిక సాధ్యం కాదు. వాళ్లు మొదటి సెమిస్టర్‌లో ఒక్క అసైన్‌మెంట్‌కైనా, మార్కులు లేకుండా, ఇలా చేస్తే చాలు.

ఈ దారి పట్టేవాళ్లు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. డ్రాఫ్ట్ చెక్ చేసేటప్పుడు ఫైల్ డేటాబేస్‌లో నిల్వ కాకుండా సెట్టింగ్ పెట్టమని లైబ్రేరియన్‌ను అడగండి. నిల్వ అయిపోతే తుది థీసిస్ సొంత డ్రాఫ్ట్‌తోనే కలిసి 90 శాతం పైన చూపించొచ్చు. అప్పుడు ఆ మూలాన్ని మినహాయించి కొత్త రిపోర్ట్ ఇమ్మని గైడ్ సంతకంతో లెటర్ పెట్టండి.