అప్పీల్ లాయర్ ఆఫీసుకు నా నాలుగు స్టార్లు

ఫోన్ ఎత్తినావిడ నా పేరు కంటే ముందు తీర్పు తేదీ అడిగింది. టెక్సాస్‌లో ఇద్దరు పోలీసుల మీద, సిటీ మీద లాయర్ లేకుండా నేనే వేసుకున్న సెక్షన్ 1983 కేసును (అధికారులు రాజ్యాంగ హక్కులు కాలరాస్తే వేసే ఫెడరల్ దావా) ఫెడరల్ జడ్జి మొదట్లోనే కొట్టేసి అప్పటికి 19 రోజులు. అప్పీల్‌కి వెళ్తున్నామని చెప్పే నోటీస్ ఆఫ్ అప్పీల్‌కి గడువు 30 రోజులే. ముందు అది వేద్దాం, మిగతావి తర్వాత అన్నారు. 605 డాలర్ల ఫీజుతో ఆ వారమే వేశారు.

లాయరుగారు నా గోడు వినలేదు. ఆర్డరు ప్రింటు తీసి, ఏడో పేజీలో ఒక్క వాక్యం మీద పసుపు రంగు గీసి నా ముందు పెట్టారు. బేడీలు బిగించి నలభై నిమిషాలు ఉంచడం తప్పని అంతకుముందు ఏ తీర్పూ స్పష్టంగా చెప్పలేదట, కాబట్టి పోలీసులకు క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ, అంటే దావా నుంచి రక్షణ. మన పోరాటమంతా ఈ లైనుతోనే అన్నారు. నా మణికట్టు తాలూకు కొత్త హాస్పిటల్ కాగితాలు చూపిస్తే పక్కకు జరిపేశారు. కింది కోర్టు ఫైల్లో లేనిది మా అప్పీల్ వినే ఫెడరల్ కోర్టు, ఫిఫ్త్ సర్క్యూట్, చూడదు. అక్కడ మనసు చివుక్కుమంది. కానీ ఈ దశలో నేను ఫిర్యాదులో రాసినవి నిజమేననుకుని, కింది జడ్జి అభిప్రాయంతో పని లేకుండా ముగ్గురు జడ్జిలు మళ్లీ మొదటి నుంచి చూస్తారని చెప్పాక కాస్త ఊపిరి వచ్చింది. నెల రోజులు వెతికినా నాకు దొరకని పాత తీర్పులు లాయరుగారు రెండు రోజుల్లో పట్టుకొచ్చారు.

సిటీ మీద వేసిన క్లెయిమ్ వదిలేద్దామన్నారు. అది నిలవాలంటే ఇద్దరు పోలీసుల తప్పు చాలదు, సిటీ పాలసీయో, ఎప్పటినుంచో నడుస్తున్న అలవాటో చూపించాలి. బ్రీఫ్‌కి (కోర్టుకు రాసిచ్చే వాదన) 13,000 పదాలే, బలహీనమైనదాన్ని మోయొద్దని ఆవిడ వాదన. ఒప్పుకున్నాను గానీ ఇప్పటికీ నాకు మింగుడు పడలేదు.

స్టారు తగ్గించింది బిల్లుకి. ఆరు నిమిషాలకో లెక్క. 'సరే' అని ఈమెయిల్ పెట్టినా ఆరు నిమిషాలే! పైగా బ్రీఫ్ డ్రాఫ్టు నా చేతికొచ్చేసరికి గడువు ఇంకా రెండు రోజులే. ఆ రెండు రాత్రులూ టెన్షన్‌తో నిద్ర లేదు.

అవతలి వాళ్ల వాదనకు జవాబుగా మా రిప్లై బ్రీఫ్ కూడా వెళ్లిపోయింది. వాదనలకు పిలుస్తారో, కాగితాలు చూసే తేల్చేస్తారో ఇంకా తెలియదు.

మీరు ఇలాంటి ఆఫీసుకి ఫోన్ చేసేటట్లయితే తేదీ చూసిపెట్టుకోండి. జడ్జి సంతకం పెట్టిన రోజు కాదు, తీర్పు డాకెట్లో, అంటే కోర్టు కేసు రిజిస్టర్లో, ఎక్కిన రోజు.