జెఫర్సన్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి: స్వీయచరిత్రా, ఉత్తరాలా, పద్దుల పుస్తకమా?

వర్జీనియాలో ఉండే తెలుగువాళ్ళకు ఊరి నుంచి చుట్టాలొస్తే వాషింగ్టన్‌లో టైడల్ బేసిన్ గట్టున ఉన్న, అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ స్మారకం చూపించడం మామూలే. చెర్రీ పూల కాలమైతే మరీను. ఆ మండపం లోపలి గోడల మీద ఆయన మాటలు చెక్కి ఉంటాయి. మొన్నొకసారి మా మేనల్లుడు ఒక గోడ ముందు నిలబడి, ఫోన్లో ఏదో వెతికి, "మావయ్యా, ఇక్కడ సగమే ఉంది" అన్నాడు.

వాడు పట్టుకున్నది నిజమే. బానిసల గురించి "ఈ జనానికి స్వేచ్ఛ వచ్చి తీరుతుందన్నంత ఖాయంగా తలరాతలో ఇంకేదీ రాసి లేదు" అని గోడ మీద ఉంటుంది. జెఫర్సన్ స్వీయచరిత్రలో ఆ మాట వెనకే ఇంకో వాక్యం ఉంది: రెండు జాతులూ సమాన స్వేచ్ఛతో ఒకే ప్రభుత్వం కింద బతకలేవన్నదీ అంతే ఖాయమని. 1943లో, ఆయన ద్విశతజయంతినాడు తెరిచిన ఆ స్మారకంలో రెండో వాక్యానికి చోటు దొరకలేదు. పైగా ఒకే పేరాలా కనిపించే ఆ గోడ రాత వేర్వేరు చోట్ల నుంచి కత్తిరించి కుట్టిన బొంత. ఒక ముక్క 1774 నాటిది, ఒక ముక్క 1780ల నాటిది, ఇంకొకటి 1821లో రాసింది.

"మరి ఎక్కడ చదవాలి? ఏది మేలు?" అని అడిగాడు. కారులో చెప్పిన జవాబు నాకే నచ్చలేదు. తర్వాత తీరిగ్గా ఆలోచించి రాస్తున్నది ఇది.

పేరు చూసి అందరూ ముందు తీసేది స్వీయచరిత్రే. 1821 జనవరి 6న, 77 ఏళ్ళ వయసులో మొదలుపెట్టాడు. తన సొంత వాడకానికీ, ఇంట్లోవాళ్ళకు తెలియడానికీ కొన్ని తేదీలూ సంగతులూ రాసి పెడుతున్నానని మొదటి వాక్యంలోనే చెప్పేశాడు. జూలై 29న ఆపేశాడు. కథ ఆగిన చోటు 1790 మార్చి: విదేశాంగ మంత్రి పదవి తీసుకోవడానికి న్యూయార్క్ చేరుకున్నాడు, అంతే. ఆర్థికమంత్రి హామిల్టన్‌తో గొడవలు లేవు. 1801 నుంచి 1809 దాకా అధ్యక్షుడిగా ఉన్న ఎనిమిదేళ్ళు లేవు. 1803లో లూసియానాను కొని దేశం విస్తీర్ణాన్ని దాదాపు రెట్టింపు చేసిన సంగతీ లేదు. తన సమాధి రాయి మీద చెక్కమని తనే రాసిచ్చిన మూడు పనుల్లో కూడా అధ్యక్ష పదవి కనిపించదు. కాబట్టి ఇదేదో పొరపాటున జరిగింది కాదనిపిస్తుంది. 1782లో పోయిన భార్య మార్తాకు దక్కింది దాదాపు ఒక్క వాక్యం: పదేళ్ళు మచ్చలేని ఆనందంలో బతికామని. వాళ్ళిద్దరి మధ్య నడిచిన ఉత్తరాలు మనకు మిగల్లేదు.

ఇంత పొడిగా ఉన్నా ఇందులో కొన్ని పుటలు మాత్రం వదలకూడదు. స్వాతంత్ర్య ప్రకటనకు తను రాసిన చిత్తును మొత్తం ఇక్కడ ఎక్కించాడు. కాంగ్రెస్ ఏది కొట్టేసిందో, ఏది చేర్చిందో విడివిడిగా చూపించాడు. బానిసల వ్యాపారాన్ని తిట్టిన పేరా ఎలా ఎగిరిపోయిందో చెబుతూ సౌత్ కరోలినా, జార్జియాలను తప్పుపట్టి, ఉత్తరాది సోదరులకూ ఆ మాట గుచ్చుకుందని ఒక చురక వేశాడు. దాదాపు 45 ఏళ్ళయినా తన రాత కొట్టేసినందుకు మంట చల్లారలేదు. రాసేవాళ్ళెవరికైనా ఆ బాధ తెలిసే ఉంటుంది. ఆ భాగం చదివి పుస్తకం మూసేయొచ్చు.

రెండోది 'వర్జీనియా రాష్ట్రంపై నోట్స్'. ఆయన బతికుండగా అచ్చైన పూర్తి పుస్తకం ఇదొక్కటే. 1780లో ఫ్రెంచి రాయబార కార్యాలయంలో పనిచేసే మార్బువా రాష్ట్రాలకు ఒక ప్రశ్నల జాబితా పంపాడు. నదులెన్ని, జంతువులేమిటి, చట్టాలేమిటి, మతాల సంగతేమిటి అని. అప్పుడు గవర్నరుగా ఉన్న జెఫర్సన్ దాన్ని పట్టుకున్నాడు. 1781లో గుర్రం మీద నుంచి పడి ఇంట్లో కూర్చోవాల్సి వచ్చినప్పుడు జవాబులు పెద్దవయ్యాయి. 1785లో పారిస్‌లో పేరు వేసుకోకుండా 200 ప్రతులు వేయించాడు, 1787లో లండన్ ప్రచురణ వచ్చింది. మొత్తం 23 అధ్యాయాలు, ఒక్కోటీ ఒక 'ప్రశ్న'కు జవాబు.

దీన్ని వరసగా చదవమని నేను చెప్పను. అమెరికా గాలికి జంతువులు చిన్నవైపోతాయన్న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్యుఫాన్‌ని ఓడించడానికి రెండు ఖండాల జంతువుల బరువులనూ పట్టికలు కట్టి చూపిస్తాడు. అది చాలదన్నట్టు తర్వాత న్యూ హాంప్‌షైర్ నుంచి ఒక మూస్ చర్మం, ఎముకలు పారిస్‌కు తెప్పించి ఆ పెద్దాయనకు పంపాడు. పంతమంటే అది. మతం గురించిన 17వ ప్రశ్న మాత్రం తెలుగువాడు చిరునవ్వుతో చదువుతాడు. నా పొరుగువాడు దేవుళ్ళు ఇరవైమంది అన్నా, అసలు దేవుడే లేడన్నా నాకొచ్చే నష్టమేమీ లేదు, వాడు నా జేబూ కొట్టడు, కాలూ విరగ్గొట్టడు అంటాడు. ఇరవైమందితో సరిపెట్టుకోవడం మనకు కాస్త పిసినారితనంగానే అనిపించినా, 1800 ఎన్నికల్లో ప్రత్యర్థులు ఈ వాక్యాన్నే చూపించి ఆయన్ని నాస్తికుడని ఊరూరా చాటారు.

అసలు చిక్కు 14వ, 18వ ప్రశ్నల దగ్గర ఉంది. 18లో బానిసత్వం యజమానిని నిరంకుశుడిగా మారుస్తుందనీ, యజమాని కోపాన్ని చూసి పిల్లలు నేర్చుకుంటారనీ, దేవుడు న్యాయవంతుడని తలుచుకుంటే నా దేశం కోసం వణుకు పుడుతోందనీ రాశాడు. స్మారకం గోడ మీదున్నది ఈ వణుకే. కానీ నాలుగు అధ్యాయాల ముందు, 14లో, నల్లవాళ్ళు బుద్ధిలో తక్కువవాళ్ళేమోనని 'అనుమానం' అంటూ మొదలుపెట్టి, వాళ్ళకు నిద్ర తక్కువ చాలుననీ, నల్లజాతి కవయిత్రి ఫిలిస్ వీట్లీ కవిత్వం విమర్శకు కూడా తగదనీ చెప్పుకుపోయాడు. ఆ ఇద్దరూ ఒకే మనిషని నమ్మడానికి కాస్త సమయం పడుతుంది. 18 మాత్రమే చదివితే భక్తులవుతారు, 14 మాత్రమే చదివితే పుస్తకం విసిరికొడతారు. రెండూ ఒకే పూట చదవాలి.

ఇక ఉత్తరాలు. ఆయన రాసినవి సుమారు 19,000. 1804 నుంచి పాలిగ్రాఫ్ అనే యంత్రం మీద రాసేవాడు. ఒక కలంతో రాస్తుంటే దానికి తగిలించిన ఇంకో కలం పక్క కాగితం మీద అదే రాసేది. తన కాలంలో ఇంతకు మించిన యంత్రం లేదని ముచ్చటపడేవాడు. అందువల్ల ఇన్ని మిగిలాయి. అయితే చేతిలో నకలు ఉంచుకుని రాసేవాడు రేపు ఎవరో చదువుతారని తెలిసే రాస్తాడు. అది మనసులో పెట్టుకుని చదవాలి. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో ఇవి ఉచితంగా దొరుకుతాయి. పేరు, తేదీ కొట్టి వెతుక్కోవచ్చు.

చదవడానికి సరదాగా ఉండేవి ఆయన ఫ్రాన్స్‌లో రాయబారిగా ఉన్న పారిస్ రోజులవి. 1785లో మేనల్లుడు పీటర్ కార్‌కు రాసిన ఉత్తరంలో రోజూ రెండు గంటలు వ్యాయామం చెయ్యమని, నడిచేటప్పుడు తుపాకీ వెంట ఉంచుకోమని చెబుతాడు. (మా మేనల్లుడికి ఇది బాగా నచ్చింది, వాళ్ళమ్మకు నచ్చలేదు.) 1786లో కుడి మణికట్టు విరిగితే ఎడమ చేత్తో చిత్రకారిణి మరియా కాస్వేకి తలకూ మనసుకూ మధ్య పెద్ద వాగ్వాదం రాసి పంపాడు. 1812 నుంచి ఇద్దరూ పోయే 1826 దాకా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌తో నడిపిన ఉత్తరాలు ఇంకో లోకం. అందులో ఆడమ్స్ వైపు నుంచి రెండు మూడొస్తే ఇటు నుంచి ఒకటి వెళ్ళేది. నిజం చెప్పాలంటే ఆ జంటలో ఆడమ్స్ ఉత్తరాలే నాకు ఎక్కువ ఇష్టం. ఆయన కోపమొస్తే కోప్పడతాడు, జెఫర్సన్ కోపమొస్తే వాక్యాన్ని ఇంకా నున్నగా చెక్కుతాడు.

ఆ నునుపు ఎంత మోసం చేస్తుందో తెలియాలంటే బెంజమిన్ బానెకర్ సంగతి చూడాలి. బానెకర్ మేరీల్యాండ్‌లో స్వతంత్రుడైన నల్లజాతి రైతు, గణితం, ఖగోళం సొంతంగా నేర్చుకున్నవాడు. 1791లో తను లెక్కకట్టిన పంచాంగం రాతప్రతిని జెఫర్సన్‌కు పంపుతూ, మనుషులంతా సమానమని రాసిన మీరే ఇంతమందిని బానిసలుగా ఎలా ఉంచుకున్నారని మర్యాదగానే, కుండబద్దలు కొట్టినట్టు అడిగాడు. జెఫర్సన్ ఆగస్టు 30న మన్ననగా జవాబిచ్చాడు, ఆ పంచాంగాన్ని పారిస్ అకాడమీకి పంపుతున్నానన్నాడు. అక్కడ ఆపితే ఎంతో బాగుంటుంది. 1809లో తన మిత్రుడు, కవి జోయెల్ బార్లోకు రాసిన ఉత్తరంలో మాత్రం, బానెకర్ నాకో పొడుగాటి ఉత్తరం రాశాడు, అది చూస్తే అతనిది చాలా మామూలు బుర్రేనని తెలుస్తోంది అన్నాడు. అప్పటికి బానెకర్ చనిపోయి మూడేళ్ళయింది.

ఉత్తరాల బలమూ బలహీనతా ఇదే. ఎవరికి ఏ మాట కావాలో ఆ మాటే వాళ్ళకు వెళుతుంది. 1820లో జాన్ హోమ్స్‌కు బానిసత్వం గురించి రాస్తూ, తోడేలు చెవి పట్టుకున్నాం, పట్టుకోనూ లేం, వదలనూ లేం అన్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న సామెత వెంటనే గుర్తొస్తుంది. కాకపోతే ఇందులో నోట్లో కప్పను పట్టుకుని మాట్లాడుతున్నది పామే.

చివరిది ఫార్మ్ బుక్. అచ్చంగా కమతం పద్దుల పుస్తకం. 1774లో మొదలుపెట్టాడు. అంతకుముందు ఏడాది మామగారు జాన్ వేల్స్ పోతే 135 మంది బానిసలూ, దాంతోపాటు కొండంత అప్పూ ఇంటికొచ్చాయి. జీవితకాలంలో ఆయన కింద బతికిన బానిసలు 600 మందికి పైగా. పుస్తకం నిండా వాళ్ళ పేర్లు, పుట్టిన ఏళ్ళు, ఎవరికెంత గుడ్డ, ఎవరికెన్ని చేపలు, ఎవరికి ఈసారి కంబళి వంతు అన్న లెక్కలు. కంబళి మూడేళ్ళకొకటి. విశేషణాలు ఉండవు. వణుకూ ఉండదు.

ఒక చోట పిల్లల పని గురించిన నియమం ఉంది: పదేళ్ళ దాకా పిల్లలు తమకంటే చిన్నవాళ్ళను ఆడించాలి, పది నుంచి పదహారు దాకా మగపిల్లలు మేకులు కొట్టాలి, ఆడపిల్లలు నూలు వడకాలి, పదహారు రాగానే పొలంలోకి దిగాలి లేదా పని నేర్చుకోవాలి. ఆ మేకుల కొట్టం గురించే 1795లో ఒక ఫ్రెంచి మిత్రుడికి ఉత్తరం రాశాడు. పది నుంచి పదహారేళ్ళ చిన్న కుర్రాళ్ళు డజను మందితో పని చేయిస్తున్నాననీ, వివరాలన్నీ స్వయంగా చూసుకుంటున్నాననీ అందులో సంబరంగా చెబుతాడు. ఉత్తరంలో అదొక తెలివైన వ్యాపారం. పద్దులో ఆ కుర్రాళ్ళకు పేర్లుంటాయి.

అయితే పద్దుల పుస్తకం అబద్ధమాడదని నేను చాలాకాలం అనుకున్నాను. ఒక పుట దగ్గర ఆ నమ్మకం సడలింది. జెఫర్సన్ ఇంట్లో బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్ పిల్లలు బెవర్లీ, హారియెట్ పేర్ల పక్కన పారిపోయారని, 22 అని ఉంటుంది. అంటే 1822. ఎవరూ వాళ్ళ వెంటపడలేదు, పత్రికలో ప్రకటన వేయలేదు. హారియెట్‌కు జెఫర్సన్ చెప్పిన మీదట తనే 50 డాలర్లిచ్చి ఫిలడెల్ఫియా బండి ఎక్కించానని ఆయన దగ్గర పనిచేసిన ఓవర్‌సీర్ తర్వాత చెప్పుకున్నాడు. ఇంటి యజమాని పోనిచ్చిన వాళ్ళను ఇంటి లెక్క పారిపోయినవాళ్ళుగా రాసుకుంది. ఎందుకో తెలియాలంటే జెఫర్సన్ రాసింది చదివితే సరిపోదు. వాళ్ళ తమ్ముడు మాడిసన్ హెమింగ్స్ 1873లో ఒహాయోలోని ఒక పత్రికకు చెప్పిన మాటలు చదవాలి. జెఫర్సన్ తమ తండ్రి అనీ, పిల్లలకు 21 ఏళ్ళు రాగానే స్వేచ్ఛ ఇస్తానని పారిస్‌లోనే తల్లికి మాటిచ్చాడనీ అతను చెప్పాడు. 1998 నాటి డీఎన్‌ఏ పరీక్ష జెఫర్సన్ వంశపు మగవాడికీ శాలీ చిన్న కొడుకు వారసుడికీ సంబంధం చూపించాక చరిత్రకారుల్లో ఎక్కువమంది అటే మొగ్గారు.

నాలుగూ పక్కపక్కన పెడితే నా లెక్క ఇది. కొత్తగా చదివేవాళ్ళకు ఉత్తరాలే మేలు. రోజుకు రెండు చొప్పున ఒక ముప్పై చదివితే చాలు, మనిషి గొంతు పట్టుబడుతుంది. బానెకర్, బార్లో ఉత్తరాలు జంటగా చదవాలి. తర్వాత నోట్స్‌లో 14, 17, 18. స్వీయచరిత్రలో స్వాతంత్ర్య ప్రకటన చిత్తు. ఆయన్ని ఇప్పటికే చదివి, ఇష్టపడో తిట్టుకునో వదిలేసినవాళ్ళకు మాత్రం నేను ఫార్మ్ బుక్కే చెబుతాను. దాంతో మొదలుపెడితే ఆ అంకెలు వట్టి అంకెల్లా ఉంటాయి. ఉత్తరాల తర్వాత తెరిస్తే పుట తిప్పడం కష్టమవుతుంది.

మా వాడికి మొదట ఇచ్చింది 1826 జూన్ 24 నాటి ఉత్తరం. స్వాతంత్ర్యానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా వాషింగ్టన్‌లో జరిగే వేడుకకు రమ్మంటే, ఒంట్లో బాగోక రాలేనని రాసిన జవాబు. మనుషులు వీపు మీద జీనుతో పుట్టలేదు, వాళ్ళ మీద స్వారీ చేయడానికి బూట్లు తొడుక్కుని ఇంకెవరూ పుట్టలేదు అంటాడు అందులో. పది రోజులకు, జూలై 4న పోయాడు. అప్పులు లక్ష డాలర్లు దాటాయి. 1827 జనవరిలో ఆయన ఇల్లున్న మాంటిచెల్లో కొండ మీద 130 మందిని వేలానికి పెట్టారు. జో ఫాసెట్ కుర్రతనంలో ఆ మేకుల కొట్టంలో పనిచేసినవాడు, తర్వాత కమ్మరి అయ్యాడు. వీలునామా ప్రకారం అతనికి ఆ ఏడాది జూలైలో స్వేచ్ఛ వచ్చింది. భార్య ఈడిత్, అధ్యక్ష భవనంలో ఫ్రెంచి వంట నేర్చి వచ్చిన మనిషి, జనవరిలోనే పిల్లలతో పాటు అమ్ముడుపోయింది. జో ఏళ్ళ తరబడి కొలిమి దగ్గర పనిచేసి, ఈడిత్‌నూ పిల్లల్లో కొందరినీ తిరిగి కొనుక్కున్నాడు.