మా షెడ్డులో మూడేళ్లుగా నడుస్తున్న బ్యాండ్ సా: వంకర కోత నేర్పిన సంగతులు

బాలానగర్‌లోని మా జాబ్‌వర్క్ షెడ్డులో 250 మిల్లీమీటర్ల రౌండు (గుండ్రని కడ్డీ) వరకూ కోయగల సెమీ ఆటోమేటిక్ బ్యాండ్ సా (చక్రాల మీద పట్టీలా తిరిగే పళ్ల బ్లేడుతో లోహాన్ని కోసే యంత్రం) ఒకటి మూడేళ్లుగా నడుస్తోంది. దాని మీద రోజూ మైల్డ్ స్టీలు, ఈఎన్-8 (మధ్యస్థ కార్బన్ స్టీలు) రౌండ్లు, అప్పుడప్పుడు 304 స్టెయిన్‌లెస్ స్టీలు కోస్తాము. ఇలాంటి యంత్రం కొనాలనుకుంటున్న వారికీ, కొన్నాక కోత వంకరపోతోందని బాధపడుతున్న వారికీ ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ తరహా యంత్రాల అమరిక దాదాపు ఒకే విధంగా ఉంటుంది కనుక తయారీదారు పేరు చెప్పడం లేదు.

ముందుగా మంచి చెప్పాలి. యంత్రం ఒళ్లు గట్టిది. బరువైన రౌండు పెట్టినా అదరదు. కడ్డీని బిగించే హైడ్రాలిక్ వైసు పట్టు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా జారలేదు. గేర్‌బాక్సు శబ్దం కొన్న రోజున ఎలా ఉందో నేటికీ అలాగే ఉంది. వేగం మార్చడానికి మాత్రం మెట్ల పుల్లీ (వేర్వేరు సైజుల చక్రాలు మెట్లలా ఉన్న కప్పీ) మీద బెల్టు మార్చుకోవలసి వస్తుంది. మైల్డ్ స్టీలుకు నిమిషానికి 60 నుంచి 70 మీటర్ల బ్లేడు వేగం సరిపోతుంది గానీ 304కు 30 నుంచి 40 మధ్యకు దిగాలి. రోజుకు రెండు మూడుసార్లు మెటీరియల్ మారే మా వంటి చోట బెల్టు మార్చడానికి బద్ధకించి అదే వేగంతో కోసేయాలని ఆపరేటరుకు అనిపించడం సహజం, బ్లేడు పాడయ్యేది అక్కడే.

ఇక అసలు ఇబ్బందికి వస్తాను. కొన్న రెండో ఏడాదిలో 110 మిల్లీమీటర్ల ఈఎన్-8 రౌండ్లు కోస్తుండగా, తెగిన ముఖం పై నుంచి కిందికి వచ్చేసరికి దాదాపు 3 మిల్లీమీటర్లు పక్కకు పోవడం మొదలైంది. లేతు మీద ముక్క ముఖాన్ని చదును చేయడానికి (ఫేసింగ్‌కు) మేము వదిలేది 2 మిల్లీమీటర్లే కాబట్టి ఆ ముక్కలన్నీ వృథా అయ్యాయి. సర్వీసు మనిషి వచ్చి చూసి, "బ్లేడు మార్చండి సార్, అదే సరిపోతుంది" అని వెళ్లిపోయాడు. మేము వరుసగా మూడు కొత్త బ్లేడ్లు వేశాము. మూడూ మొదటి కోత నుంచే అదే పక్కకు పోయాయి. మమ్మల్ని ఆలోచింపజేసింది అదే. బ్లేడు అరిగితే వంకర కొంచెం కొంచెంగా పెరుగుతుంది. కొత్త బ్లేడు కూడా మొదటి కోతలోనే, ఎప్పుడూ ఒకే వైపుకు పోతుంటే తప్పు బ్లేడుది కాదు, దాన్ని పట్టి నడిపించే గైడులది.

మెయిన్ స్విచ్ ఆపి, గైడు వెనుక టార్చిలైటు పెట్టి చూశాము. బ్లేడుకు రెండు పక్కలా ఆనుకొని ఉండవలసిన కార్బైడ్ ప్యాడ్లలో ఒకటి ఒక మూల అరిగిపోయి, సన్నని వెలుతురు గీత కనిపించింది. మడత పెట్టిన కాగితం ఆ సందులోంచి సులువుగా జారిపోయింది. ప్యాడ్లు మార్చి, చిన్న మూలమట్టం ఆనించి బ్లేడు బల్లకు నిలువుగా ఉందో లేదో సరిచూసుకున్నాక, మేము తప్పుపట్టిన ఆ మూడు బ్లేడ్లలోనే ఒకదానితో తిన్నగా కోశాము. అంతటి చిన్న పరీక్ష యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. కదిలే గైడు ఆర్మ్‌ను కోసే ముక్కకు వీలైనంత దగ్గరగా జరపాలన్న మాట కూడా అందులో ఒక్క వాక్యంతో సరిపెట్టారు; ఆ దూరం పెరిగిన కొద్దీ బ్లేడు మధ్యలో ఊగుతుంది.

బ్లేడు విషయంలో మా ఆపరేటరు ఇప్పుడు తప్పక పాటించేవి కొన్ని ఉన్నాయి. కోతలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు లోహాన్ని తాకుతూ ఉండాలి; అందుకే 110 రౌండుకు అంగుళానికి 3 నుంచి 4 పళ్లుండే (3/4) బ్లేడు వాడినా, పలుచని పైపుకు దాన్ని దగ్గరికి రానివ్వము. కొత్త బ్లేడును మొదటి కొన్ని కోతల్లో సగం ఫీడుతో (బ్లేడు లోహంలోకి దిగే వేగం) నడుపుతాము, లేకుంటే పదునైన పంటి కొసలు విరుగుతాయి. పన్ను విరిగినప్పుడు ఆ ముక్కను గాడిలోంచి తీయకుండా కొత్త బ్లేడు దించడం, కొత్తదాన్ని చేతులారా పాడుచేసుకోవడమే. బ్లేడు తరచూ అతుకు దగ్గరే తెగితే వెల్డింగు చేసి ఇచ్చిన దుకాణాన్ని అడగాలి. వేరే చోట తెగుతుంటే టెన్షనునూ, బ్లేడు వెనుక అంచు చక్రపు గట్టుకు ఒరుసుకుంటోందేమోననీ చూడాలి.

ఫీడు సరిగ్గా ఉందో లేదో రజనే చెబుతుంది. మెరుస్తూ వదులుగా చుట్టుకున్న చిప్స్ వస్తుంటే సరిగ్గా ఉన్నట్టు. పిండిలా రాలితే ఫీడు తక్కువైనట్టు. 304లో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే పన్ను కోయకుండా రుద్దితే లోహం పైపొర గట్టిపడి తరువాతి పళ్లను తినేస్తుంది. నీలంగా మాడి వస్తే ఫీడో వేగమో తగ్గించాలి.

కూలెంటు (కోతను చల్లబరిచే నూనె, నీళ్ల మిశ్రమం) ట్యాంకు ఈ యంత్రంలో నాకు నచ్చని మరో భాగం. మూత ఇరుకు, అడుగున పేరుకున్న బురద తీయడానికి పూటంతా పడుతుంది. కూలెంటులో నూనెను 8 నుంచి 10 శాతం మధ్య ఉంచుతున్నాము, నూనెనే నీళ్లలో పోస్తాము తప్ప నీళ్లను నూనెలో పోయము. చిప్స్ తుడిచే వైరు బ్రష్షు కూడా నాసిరకం, నాలుగు నెలలకే వెంట్రుకలు ఒక పక్కకు వాలిపోయాయి. అప్పటి నుంచి రజను పళ్ల సందుల్లోనే తిరిగి కోతలోకి వెళ్లేది.

మళ్లీ కొనవలసి వస్తే ఇదే తరహా యంత్రం కొంటాను, కానీ మెట్ల పుల్లీ బదులు వేగాన్ని తిప్పి మార్చుకునే డ్రైవు ఉన్నది అడుగుతాను. మీరు కొనేటప్పుడు బిల్లు కట్టకముందే రెండు జతల గైడు ప్యాడ్లు, ఒక వైరు బ్రష్షు డెలివరీలో చేర్చమని రాయించుకోండి. ఆ ప్యాడ్ల కోసం మేము విడిగా ఆర్డరు పెట్టి పదకొండు రోజులు యంత్రాన్ని ఆపుకోవలసి వచ్చింది.